కాంక్రీట్‌లో రీసైకిల్డ్ కంకర: మన్నిక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో కూల్చివేత వ్యర్థాల ప్లాంట్లు మొదలైన దగ్గర్నుంచి, పాత కాంక్రీట్‌ని పగలగొట్టి జల్లించిన కంకర బయట దొరుకుతోంది. దాంతో పాటే సందేహాలూ వచ్చాయి. సైట్ ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, సొంతిల్లు కట్టుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. కంకర, ఇసుకల ప్రమాణం ఐఎస్ 383:2016, కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456:2000 పక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగా అర్థమవుతాయి.

రీసైకిల్డ్ కంకర అని అమ్మేదంతా ఒకటేనా?

కాదు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఐఎస్ 383 దీన్ని రెండు రకాలుగా చూస్తుంది. పాత స్లాబులు, బీములు, స్తంభాల కాంక్రీట్ మాత్రమే పగలగొడితే వచ్చేది రీసైకిల్డ్ కాంక్రీట్ కంకర. దీన్ని ఆర్‌సీఏ అంటారు. ఇటుక, టైల్స్, ప్లాస్టరింగ్ పెచ్చులు, రాయి అన్నీ కలిసిన శిథిలాల నుంచి వచ్చేది ఆర్‌ఏ. పేర్లలో తేడా ఒక్క అక్షరమే. పనిలో మాత్రం మొదటిదాన్ని పరిమితంగా స్లాబులో వేసుకోవచ్చు, రెండోది స్లాబు దరిదాపుల్లోకి రాకూడదు. ఇన్‌వాయిస్ మీద ఒట్టి ‘రీసైకిల్డ్ మెటల్’ అని రాసి ఉంటే అది ఏ రకమో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఎంత శాతం వాడొచ్చు?

ఆర్‌సీఏ అయితే ప్లెయిన్ కాంక్రీట్‌లో, అంటే ఇనుము లేనిదాంట్లో, 25 శాతం దాకా, ఆర్‌సీసీలో, అంటే ఇనుప చువ్వలు ఉన్నదాంట్లో, 20 శాతం దాకా. ఆర్‌సీసీకి ఇంకో షరతు ఉంది: గ్రేడు (28 రోజుల బలాన్ని చెప్పే అంకె) ఎం25 దాటకూడదు. ఎం15 కన్నా తక్కువ గ్రేడు ఉండే లీన్ కాంక్రీట్‌లో, అంటే పునాది కింద వేసే బెడ్ లాంటి వాటిలో, 100 శాతం వేసుకోవచ్చు. ఆర్‌ఏకి అనుమతి ఉన్నది ఆ లీన్ కాంక్రీట్ ఒక్కదాంట్లోనే.

ఒకే కట్టడంలో ఒకే రకం తయారీ కంకర (క్వారీ నుంచి కాక, లోహ ఫ్యాక్టరీల్లో మిగిలే స్లాగ్, పాత కాంక్రీట్ లాంటి వాటి నుంచి చేసినది) వాడాలన్న నిబంధన కూడా ఉంది. కొంత స్లాగ్ కంకర, కొంత ఆర్‌సీఏ కలిపి లెక్క సరిపెట్టడం కుదరదు. క్వారీ కంకరతో కలిపాక మొత్తం మిశ్రమం గ్రేడింగ్ (ఏ సైజు రాళ్లు ఎంత శాతం అన్నది) కూడా ఐఎస్ 383 పట్టికల్లో ఇమడాలి. విడిగా ఆర్‌సీఏ గ్రేడింగ్ బాగుందని చూపించే రిపోర్టుతో పని కాదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఆర్‌సీసీలో వాడొచ్చా?

సముద్రపు గాలి నేరుగా తగిలే సభ్యాలకు, అంటే స్లాబు, బీము, స్తంభం లాంటి భాగాలకు, వద్దు. దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు, కోడ్ లెక్కే తేల్చేస్తుంది. ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంత వాతావరణానికి తెరుచుకుని ఉన్న కాంక్రీట్ ‘తీవ్ర’ తరగతిలోకి వస్తుంది. దానికి కనీస గ్రేడు ఎం30. ఆర్‌సీఏ ఉన్న ఆర్‌సీసీ ఎం25 దగ్గరే ఆగిపోవాలి. రెండూ కలవవు. నీళ్ల ట్యాంకులదీ ఇదే కథ. నీటి నిల్వ కట్టడాల కోడ్ ఐఎస్ 3370 ఆర్‌సీసీకి కనీసం ఎం30 అడుగుతుంది.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి లోపలి ఊళ్లలో మామూలు భవనాలకు ‘మైల్డ్’ (తేలికపాటి), ‘మోడరేట్’ (మధ్యస్థ) తరగతులు వర్తిస్తాయి. వాటి కనీస గ్రేడులు ఎం20, ఎం25. ఆర్‌సీసీలో ఆర్‌సీఏకి చోటు ఉన్నది ఈ పరిధిలోనే. తీరంలో అయినా బెడ్ కాంక్రీట్‌కి, ఇనుము లేని పనులకి వాడుకోవచ్చు.

క్వారీ కంకరకీ దీనికీ అసలు తేడా ఏమిటి?

ఒక 20 ఎంఎం ఆర్‌సీఏ రాయిని చేతిలోకి తీసుకోండి. ఒకవైపు ముదురు గ్రానైట్ కనిపిస్తుంది. ఇంకోవైపు లేత బూడిద రంగులో పెచ్చులా అంటుకుని పాత సిమెంట్ మోర్టార్ ఉంటుంది. రెండింటి మీదా ఒక్కో నీటిచుక్క వేయండి. గ్రానైట్ మీద చుక్క అలాగే నిలబడుతుంది. మోర్టార్ మీద వేసింది చూస్తుండగానే ఇంకిపోయి, తడి మచ్చ మిగులుతుంది. మిగతా గుణాలన్నీ ఆ మచ్చలోంచి పుట్టినవే.

మన గ్రానైట్ కంకర నీటి శోషణ మామూలుగా 1 శాతం లోపే ఉంటుంది. ఆర్‌సీఏకి 3 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. విశిష్ట సాంద్రత, అంటే నీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువన్నది, 2.7 నుంచి 2.3-2.5కి దిగుతుంది. పాత మోర్టార్‌లో సన్నని రంధ్రాలుంటాయి, క్రషర్ దెబ్బకి పడిన వెంట్రుకవాసి పగుళ్లుంటాయి. రాయికీ పాత మోర్టార్‌కీ మధ్య ఒక బలహీనమైన పొర ఎప్పట్నుంచో ఉంది. పాత మోర్టార్‌కీ మీరు పోసే కొత్త మోర్టార్‌కీ మధ్య ఇంకోటి చేరుతుంది. నీళ్లు, గాలి, ఉప్పు లోపలికి వెళ్లడానికి ఇవే దారులు.

అంటుకున్న మోర్టార్ ఎంతన్నది క్రషింగ్ మీద ఆధారపడుతుంది. ఒక్క జా క్రషర్‌తో పగలగొట్టి వదిలేస్తే ఎక్కువ మిగులుతుంది. తర్వాత ఇంపాక్ట్ క్రషర్‌లో ఇంకోసారి కొడితే చాలా మటుకు రాలుతుంది. జపాన్ ప్రమాణాలు అందుకే ముతక కంకరని శోషణ బట్టి మూడు మెట్లుగా విడగొట్టాయి: 3 శాతం లోపు, 5 లోపు, 7 లోపు. మన ఐఎస్ 383 సాధారణ హద్దు 5 శాతం. రీసైకిల్డ్ కంకరకి 10 దాకా సడలింపు ఉంది, కానీ కలిపే ముందు కంకరని తడిపి ఉంచాలన్న షరతు మీద. మా సలహా: ఆర్‌సీసీ కోసం 6 శాతం దాటిన లోడు తీసుకోకండి. కోడ్ ఒప్పుకున్నా, ఆ కంకరతో నీళ్ల లెక్క రోజూ తప్పుతూనే ఉంటుంది.

స్లంప్ (తడి కాంక్రీట్ జారుడుతనం కొలత) నిలవడం లేదు. మిక్సర్‌లో బాగుంది, పంపు దగ్గరికొచ్చేసరికి గట్టిపడుతోంది. ఎందుకు?

కంకర నీళ్లు తాగుతోంది. 24 గంటల్లో తాగేదాంట్లో ఎక్కువ భాగం మొదటి పది నిమిషాల్లోనే తాగేస్తుంది. దీని లెక్క ఒకసారి వివరంగా చూద్దాం, ఎందుకంటే ఆర్‌సీఏ కాంక్రీట్ బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే.

ఒక క్యూబిక్ మీటర్ ఎం25 మిక్స్ ఇలా ఉందనుకుందాం: పీపీసీ సిమెంట్ (ఫ్లై యాష్, అంటే థర్మల్ ప్లాంట్ బూడిద, కలిపినది) 350 కిలోలు, నీళ్లు 168 లీటర్లు, అడ్మిక్స్చర్ (కాంక్రీట్ గుణం మార్చే రసాయనం) 2.1 కిలోలు, రోబో శాండ్ 696 కిలోలు, క్వారీ కంకర 937 కిలోలు, ఆర్‌సీఏ 206 కిలోలు. నీళ్లు-సిమెంట్ నిష్పత్తి 0.48. కంకర, ఇసుక బరువులు లోపల తడిసి పైన పొడిగా ఉన్న స్థితిలోవి. ఆర్‌సీఏ శోషణ 5.5 శాతం, విశిష్ట సాంద్రత 2.38.

206 కిలోల ఆర్‌సీఏని పూర్తిగా ఆరబెడితే 195.3 కిలోలు. అది తాగగలిగే నీళ్లు 10.7 లీటర్లు. కుప్పలో తేమ 2 శాతమే ఉంటే దానిలో అప్పటికే ఉన్నది 3.9 లీటర్లు. మిగతా 6.8 లీటర్లు మీ 168 లీటర్ల నుంచే లాక్కుంటుంది. నిష్పత్తి 0.46కి పడిపోతుంది, స్లంప్ చచ్చిపోతుంది. అంతవరకు కాంక్రీట్‌కి వచ్చిన నష్టం లేదు. గట్టిగా ఉంది, అంతే. కానీ పంపు దగ్గరున్న మనిషి ఊరుకోడు. క్యూబిక్ మీటర్‌కి ఒక 15 లీటర్ల బకెట్ కుమ్మరిస్తాడు. ఇప్పుడు సిమెంట్‌కి అందే నీళ్లు 176 లీటర్లు, నిష్పత్తి 0.50 పైకి. మోడరేట్ వాతావరణానికి ఐఎస్ 456 పెట్టిన గరిష్ఠ హద్దు 0.50. ఆ హద్దు దాటించింది కంకర కాదు, బకెట్.

రాత్రి వాన పడి కుప్ప తేమ 8 శాతం అయితే లెక్క తిరగబడుతుంది. 195.3 కిలోల మీద 2.5 శాతం, అంటే 4.9 లీటర్లు అదనంగా మిక్స్‌లోకి వస్తాయి.

చేయాల్సింది: ముందురోజు సాయంత్రం కుప్ప మీద స్ప్రింక్లర్ పెట్టి తడపండి. నీళ్లు కిందికి కారిపోయే ఏటవాలు గచ్చు మీద కుప్ప పోయండి. పొద్దున్న కలపబోయే ముందు గంట, రెండు గంటలు వడిసిపోనివ్వండి. టార్పాలిన్ కప్పండి. రాళ్లు లోపల నిండుగా తడిసి ఉండాలి, పైన నీళ్లు మెరుస్తూ కారకూడదు. ఎండాకాలంలో కుప్ప పైపొర రెండు గంటల్లో ఎండిపోతుంది, లోపల తడిగానే ఉంటుంది. అందుకని శాంపిల్ ఒక అడుగు లోతు నుంచి తీయండి.

తేమ చూడ్డానికి పెద్ద పరికరాలేమీ వద్దు. 2 కిలోల శాంపిల్ తూచి, ఇనుప మూకుడులో గ్యాస్ పొయ్యి మీద కలుపుతూ వేయించండి. పైన పట్టుకున్న అద్దం ముక్కకి ఆవిరి పట్టడం ఆగాక చల్లార్చి మళ్లీ తూచండి. తగ్గిన బరువుని పొడి బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం. పోత రోజున పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వాన పడితే వెంటనే ఇంకోసారి.

20 శాతం అంటే బరువులోనా, ఘనపరిమాణంలోనా?

మిక్స్ డిజైన్‌లో ఘనపరిమాణంతో మార్చండి. పై ఉదాహరణలో మొత్తం క్వారీ కంకరే వేస్తే 1171 కిలోలు పడుతుంది. అందులో 20 శాతం, అంటే 234 కిలోలు తీసేసి అంతే బరువు ఆర్‌సీఏ వేశారనుకోండి. తేలిక కంకర కాబట్టి అది ఎక్కువ చోటు తీసుకుంటుంది. మీ క్యూబిక్ మీటర్ దాదాపు 12 లీటర్లు ఉబ్బుతుంది, సిమెంట్ ఆ మేరకు పలచబడుతుంది. ఘనపరిమాణంతో మారిస్తే ఆర్‌సీఏ 206 కిలోలే. బరువు ప్రకారం చూసినా అది 18 శాతం, కోడ్ హద్దు లోపలే.

బలం తగ్గుతుందా?

20-30 శాతం ముతక ఆర్‌సీఏతో 28 రోజుల క్యూబ్ బలంలో వచ్చే మార్పు, మామూలుగా ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ ఉండే తేడాలోనే కలిసిపోతుంది. 100 శాతం మార్చినప్పుడు తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. అయితే క్యూబ్ పాసైందంటే మన్నిక కూడా పాసైందని అనుకోకండి. క్యూబ్ నీళ్ల తొట్టిలో 28 రోజులు హాయిగా నానుతుంది. మీ బాల్కనీ అంచుకి ఆ భాగ్యం లేదు.

లోపలి ఇనుము తొందరగా తుప్పు పడుతుందా?

గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కాంక్రీట్‌లోకి మెల్లగా దిగుతూ దాని క్షారతని తగ్గిస్తుంది. ఆ అంచు ఇనుము దాకా చేరాక, తేమ ఉంటే తుప్పు మొదలవుతుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. అది దిగే లోతు సంవత్సరాల వర్గమూలంతో పెరుగుతుంది. దీంతో ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు.

ఒక మామూలు కాంక్రీట్‌కి గుణకం 4 అనుకుందాం, అంటే మొదటి ఏడాది 4 మి.మీ. ఇరవై మి.మీ. కవర్ (ఇనుము మీద ఉండే కాంక్రీట్ పొర) దాటడానికి 25 ఏళ్లు పడుతుంది. ఆర్‌సీఏ కలపడం వల్ల గుణకం పది శాతం పెరిగి 4.4 అయితే దాదాపు 21 ఏళ్లు. ఒకటిన్నర రెట్లయి 6 అయితే, పూర్తిగా ఆర్‌సీఏతో, సరిగ్గా నీళ్లు పెట్టకుండా చేసిన కాంక్రీట్‌లో ఇలా కావడం వింతేమీ కాదు, 11 ఏళ్లు. ఇప్పుడు మొదటి కాంక్రీట్‌కే రండి. క్వారీ కంకరే, కానీ ఆ మందం నిలబెట్టే కవర్ బ్లాకులు పక్కకి జరిగి కవర్ 12 మి.మీ. అయింది. ఎన్నేళ్లు? 9. చువ్వల మీద నడిచి కవర్ బ్లాకులు తన్నేసే సైటులో ఆర్‌సీఏ గురించి భయపడటం, ఇంటి తలుపు తీసిపెట్టి కిటికీకి గొళ్లెం వెతకడం లాంటిది.

ఆర్‌సీఏ వాడిన సభ్యాలకి కవర్ విషయంలో మాత్రం సడలింపులు తీసుకోకండి. మైల్డ్‌కి 20, మోడరేట్‌కి 30 మి.మీ. నామినల్ కవర్. 5 మి.మీ. ఎక్కువ ఇచ్చినా పోయేదేం లేదు.

క్లోరైడ్ల సంగతి?

క్లోరైడ్ అంటే ఉప్పులో ఉండేది, ఇనుముని తుప్పు పట్టిస్తుంది. ఇది రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, బయటి నుంచి దిగేది. అది తీరంలో సమస్య, పైన చెప్పుకున్నాం. రెండోది, కంకరతోనే లోపలికి వచ్చేది. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఐఎస్ 383 ప్రకారం తయారీ కంకరలో ఆమ్లంలో కరిగే క్లోరైడ్ 0.04 శాతం మించకూడదు. మన 195 కిలోల పొడి ఆర్‌సీఏలో అంతే ఉంటే క్యూబిక్ మీటర్‌కి వచ్చేది 0.08 కిలో. ఆర్‌సీసీ మొత్తానికి ఐఎస్ 456 హద్దు 0.6 కిలో. ఫరవాలేదు. అదే రొయ్యల ప్లాంటో, ఉప్పు గోదామో, ఎరువుల గిడ్డంగో, పాత మరుగుదొడ్ల బ్లాకో కూల్చిన కాంక్రీట్ అయితే? క్లోరైడ్ 0.2 శాతం ఉందంటే కంకర ఒక్కటే 0.39 కిలో తెస్తుంది. సిమెంట్, బోరు నీళ్లు, అడ్మిక్స్చర్ ఇంకా లెక్కలోకి రాకముందే హద్దులో మూడింట రెండొంతులు అయిపోయింది. ఇలాంటి కట్టడాల కాంక్రీట్‌ని ప్లాంట్‌లో విడిగా పోయించడం తప్ప మార్గం లేదు. కడిగితే పైపై ఉప్పు పోతుంది, మోర్టార్ లోపల పట్టేసింది పోదు.

ర్యాపిడ్ క్లోరైడ్ పరీక్ష (క్లోరైడ్ ఎంత తేలిగ్గా చొరబడుతుందో కాంక్రీట్‌లో విద్యుత్తు పంపి చూసేది) రిపోర్టు తెస్తే ఇలా చదవండి: 4000 కూలంబ్‌లు దాటితే చొరబాటు ఎక్కువ, 2000-4000 మధ్యస్థం, 1000-2000 తక్కువ. కంకరలోనే ఉప్పు ఉంటే విద్యుత్తు ఎక్కువ ప్రవహించి అంకె పెరుగుతుందన్నది గుర్తుంచుకోండి.

పీవోపీ ముక్కలు కొన్ని కలిస్తే ఏమవుతుంది?

ఇటుక ముక్క కలిస్తే బలం, శోషణ పాడవుతాయి. పీవోపీ కలిస్తే కాంక్రీట్ లోపలి నుంచే పగులుతుంది. పీవోపీ అంటే జిప్సం, అంటే సల్ఫేట్. గట్టిపడిన కాంక్రీట్‌లో అది సిమెంట్‌లోని అల్యూమినేట్లతో, తేమతో కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికాలుగా మారుతూ ఉబ్బుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

హద్దు: సల్ఫేట్ 0.5 శాతం మించకూడదు. ఫాల్స్ సీలింగులు విరివిగా ఉన్న ఆఫీసులు, షోరూములు కూల్చిన లోడ్లలో ఇది తేలిగ్గా దాటిపోతుంది. మందు ప్లాంట్‌లో లేదు, కూల్చే చోటే ఉంది: స్లాబు మీద బ్రేకర్ పెట్టకముందే సీలింగు, జిప్సం బోర్డులు, పుట్టీ పెచ్చులు ఊడదీసి వేరే లారీలో పంపాలి. తెల్లగా ఉండి గోటితో గీస్తే పొడి రాలే ముక్క కనిపిస్తే అదే.

ఆస్‌బెస్టాస్ రేకులు ఉన్న శిథిలాలని అసలు క్రషర్ దగ్గరికి రానివ్వకూడదు. అది మన్నిక సమస్య కాదు, ఊపిరితిత్తుల సమస్య.

రీసైకిల్డ్ ఇసుక కూడా వాడొచ్చా?

కోడ్ ఒప్పుకుంటుంది: ఆర్‌సీఏ ఇసుక ప్లెయిన్ కాంక్రీట్‌లో 25, ఎం25 దాకా ఆర్‌సీసీలో 20 శాతం. మేం మాత్రం ఆర్‌సీసీకి వద్దంటాం. 4.75 మి.మీ. కింద జారేదాంట్లో ఎక్కువ పాలు పాత సిమెంట్ గుజ్జే. శోషణ ముతకదాని కన్నా బాగా ఎక్కువ, బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంది, కుంచించుకుపోవడం పెరుగుతుంది. రోడ్డు బేస్‌కో, పేవర్ బ్లాకులకో, గుంతలు పూడ్చడానికో పోనివ్వండి. రోడ్ల కోసం ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 121:2017 మార్గదర్శకాలు ఉన్నాయి.

సిమెంట్ కాస్త ఎక్కువేస్తే అన్నీ సర్దుకుంటాయి కదా?

బలం సర్దుకుంటుంది. కుంచించుకుపోవడం, వేడి, ఖర్చు పెరుగుతాయి. పాత మోర్టార్ రంధ్రాలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. సిమెంట్ పెంచే ముందు నీళ్లు తగ్గించండి.

కలిపే వరుస మారిస్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, పైగా ఖర్చు లేని పని. రెండు దశల మిక్సింగ్ అంటారు. ఇసుక, కంకర వేసి 60 సెకన్లు తిప్పండి. సగం నీళ్లు పోసి ఇంకో 60 సెకన్లు. సిమెంట్ వేసి 30 సెకన్లు. మిగతా సగం నీళ్లు అడ్మిక్స్చర్‌తో కలిపి పోసి 120 సెకన్లు. మధ్యలో తక్కువ నీళ్లతో తయారైన చిక్కటి సిమెంట్ గుజ్జు రాళ్లని పూతలా పట్టి, పాత మోర్టార్ పగుళ్లలోకి, రంధ్రాల్లోకి దిగుతుంది. కొత్త-పాత మోర్టార్ల మధ్య బలహీన పొర గట్టిపడుతుంది.

మొత్తం నాలుగున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీట్) ప్లాంట్లు ఇష్టపడవు, గంటకి బ్యాచులు తగ్గుతాయి. ఒప్పందంలో ముందే రాయించుకుంటే తప్ప జరగదు.

పీపీసీ మంచిదా, ఓపీసీ మంచిదా?

ఆర్‌సీఏతో పీపీసీ లేదా ఫ్లై యాష్ కలిపిన ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్) వైపే మొగ్గండి. ఫ్లై యాష్ మెల్లగా రంధ్రాలు పూడుస్తుంది, క్లోరైడ్, సల్ఫేట్‌లకి అడ్డుపడుతుంది. పాత కంకరలో ఆల్కలీ చర్య (సిమెంట్ క్షారాలతో కలిసి రాయి ఉబ్బడం) బీజం ఉంటే దాన్నీ కొంత అదుపులో పెడుతుంది. ఒక్క మెలిక: క్యూరింగ్ తక్కువైతే ఫ్లై యాష్ కాంక్రీట్‌లో కార్బొనేషన్ వేగంగా దిగుతుంది. మూడు రోజులు గోనెపట్టా కప్పి మానేసే సైటు అయితే ఈ లాభమంతా తిరగబడుతుంది. పీపీసీకి కనీసం 10 రోజులు, మన ఎండలకి 14 రోజులు నీళ్లు పెట్టాలి. స్లాబుకి మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టడం సరే, స్తంభాలకి, బీముల పక్కలకి గోనెపట్టా చుట్టి తడపడం మర్చిపోయేదే ఎక్కువ.

పగుళ్లు, స్లాబు వంగడం ఎక్కువవుతాయా?

పూర్తిగా ఆర్‌సీఏతో చేస్తే అవును. కుంచించుకుపోవడం 20 నుంచి 50 శాతం దాకా పెరగొచ్చు, బిగువు గుణకం (భారానికి వంగకుండా నిలిచే గుణం) 10 నుంచి 33 శాతం దాకా తగ్గొచ్చు. మెత్తని మోర్టార్ రాయిలా అడ్డుపడలేదు కాబట్టి. ఆర్‌సీసీలో 20 శాతం హద్దు పాటిస్తే ఈ మార్పు కొద్దిగానే ఉంటుంది. అయినా పొడవైన స్పాన్లు, కాంటిలివర్ బాల్కనీలు ఉంటే డిజైన్ ఇంజినీర్‌కి ముందే చెప్పండి.

మా పాత ఇల్లు కూలుస్తున్నాం. ఆ స్లాబు ముక్కలే కొత్త ఇంట్లో వాడుకోవచ్చా?

అదే సైటు శిథిలాలు అదే సైటులో వాడుకోవడం మంచిదని ఐఎస్ 383 కూడా అంటుంది. కానీ ఒక ఇంటి స్లాబు నుంచి వచ్చే కొద్దిపాటి కంకరకి రసాయన పరీక్షలు, ట్రయల్ మిక్సులు చేయించడం గిట్టదు. చేతి సుత్తితో కొట్టిన ముక్కలు సైజుకి రావు కూడా. వాటిని పునాదుల కింద 1:4:8 (సిమెంట్, ఇసుక, కంకర పాళ్లు) బెడ్‌కి వాడండి, ఇటుక ముక్కలున్నా ఫరవాలేదు. ఇటుక జెల్లీతో, సున్నంతో బెడ్‌లు వేసి, మిద్దెలు కప్పిన ఊళ్లే మనవి. ప్లింత్ పూడ్చడానికీ పనికొస్తాయి, అయితే చెక్క ముక్కలు ఏరిపారేయండి. లేకపోతే కొత్తింటికి చెదల్ని మీరే పిలిచినట్టు.

చట్టం ఏమంటోంది?

2016 కూల్చివేత వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకి 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులు దాటి వ్యర్థాలు వచ్చేవాళ్లు కాంక్రీట్, ఉక్కు, చెక్క-ప్లాస్టిక్, ఇటుక-మోర్టార్‌ని విడదీసి, ప్రణాళిక సమర్పించాల్సి ఉండేది. వాటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. పెద్ద ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లు కొత్తవే చూసుకోవాలి.

ప్లాంట్ నుంచి ఏ రిపోర్టులు అడగాలి?

శోషణ, విశిష్ట సాంద్రత, గ్రేడింగ్, ఇంపాక్ట్ విలువ (దెబ్బకి ఎంత శాతం నలుగుతుందన్నది), క్లోరైడ్, సల్ఫేట్, మొత్తం ఆల్కలీ. ఆల్కలీ హద్దు 0.3 శాతం. ఇంపాక్ట్ విలువ అరిగే ఉపరితలాలకి 30, మిగతా వాటికి 45 శాతం మించకూడదు. రిపోర్టు మీద తేదీ కన్నా ముఖ్యం ఏ కుప్పది అన్నది. క్వారీలో ఒక కొండ నెలల తరబడి ఒకే రాయి ఇస్తుంది. ఇక్కడ ఈ వారం ఆసుపత్రి, వచ్చే వారం సినిమా హాలు. ఆరు నెలల కిందటి రిపోర్టు జిరాక్సు చూపిస్తే దానికి విలువ లేదు. శోషణ మాత్రం ప్రతి లోడుకీ మీ సైటులోనే చూసుకోండి: 2 కిలోలు 24 గంటలు నానబెట్టి, గుడ్డతో పైతడి తుడిచి తూచండి, తర్వాత 100-110 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి తూచండి. తేడాని పొడి బరువుతో భాగించాలి.

మొదటి పోతకి ముందు మూడు ట్రయల్ బ్యాచులు వేయించి, స్లంప్ కలిపిన వెంటనే, 30 నిమిషాలకి, 60 నిమిషాలకి కొలవండి. 60వ నిమిషం అంకె బాగుంటే పంపు దగ్గర బకెట్ ఎత్తే అవసరం రాదు.

లోడు గేటు దగ్గరికి వచ్చింది. అన్‌లోడ్ చేయించే ముందు ఏం చూడాలి?

లారీ పైన, పక్కల, మధ్యలో మూడు చోట్ల నుంచి ఒక్కో తట్ట తీసి గచ్చు మీద పరవండి. ఎర్రగా ఇటుక, తెల్లగా పీవోపీ, మెరిసే టైలు, గాజు, చువ్వల తునకలు ఏరి పక్కన పెట్టండి. కొంత కంకర బకెట్ నీళ్లలో వేస్తే చెక్క, థర్మోకోల్, ఏఏసీ (తేలిక కాంక్రీట్) బ్లాకు ముక్కలు పైకి తేలతాయి. అయిదు నిమిషాల పని. ఇటుక ముక్కలు అక్కడక్కడా కాక తట్ట తట్టకీ కనిపిస్తే అది ఆర్‌సీఏ కాదు, ఆర్‌ఏ. బెడ్ కాంక్రీట్ పని ఉంటే ఆ ధరకి దింపించుకోండి, లేకపోతే వెనక్కి పంపండి. దింపాక మాత్రం క్వారీ కంకర కుప్పకి దూరంగా, మధ్యలో అడ్డుగోడ పెట్టి పోయించండి. లోడర్ డ్రైవర్‌కి రెండూ బూడిద రంగు కుప్పలే.